నోటీసులో పాత కక్షిదారు అంకె మిగిలిపోయింది, ఇప్పుడేం చేయాలి?

శ్రీకాకుళంలో ఒక సీనియర్ న్యాయవాది దగ్గర ఏడు నెలలుగా పనిచేస్తున్న పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు కనుక ఆనవాళ్లు పట్టించే వివరాలు కొన్ని మార్చి, సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె కంప్యూటర్ డిగ్రీ చదివారు, న్యాయశాస్త్రం చదవలేదు. ఆఫీసుకు కేసుల సాఫ్ట్‌వేర్ కొన్నాక, కేసు వివరాలు ఒకసారి ఎక్కిస్తే నోటీసులూ ఉత్తరాలూ వాటంతట అవే తయారయ్యేలా టెంప్లేట్లు చేసే పనిని ఆమెకు అప్పగించారు. ఆఫీసులో ఉన్న పాత వర్డ్ ఫైళ్లు తీసుకుని, పేర్లు, తేదీలు, మొత్తాలు ఉన్న చోట్ల ఫీల్డులు (కేసు వివరం దానంతట అదే వచ్చి పడే చోట్లు) పెట్టి పద్దెనిమిది టెంప్లేట్లు చేశారు. తర్వాత ఒక్కొక్కటిగా ఇబ్బందులు మొదలయ్యాయి. ఒక నోటీసు మీద తేదీ 05-43-2025 అని పడింది. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్న గుమాస్తా గారు దాన్ని అందరికీ చూపించి, "నలభై మూడో నెల ఏ పంచాంగంలో ఉందమ్మా" అన్నారట. మరికొన్ని ఉత్తరాల్లో కక్షిదారు పేరుకు బదులు మీసాల బ్రాకెట్లతో సహా ఫీల్డు పేరే అచ్చయింది. తెలుగు నోటీసుల్లో ఇంగ్లీషులో ఉన్న బ్యాంకు పేరు అర్థంలేని తెలుగు ముక్కలుగా మారింది. పాత ఉత్తరం తెరిచిన ప్రతిసారీ దాని మీద ఆ రోజు తేదీ కనిపిస్తోంది.

అసలు బాధ వేరే ఉంది. జీడిపప్పు బాకీ కింద పలాస వ్యాపారి ఒకాయన ఇచ్చిన ₹3,75,000 చెక్కు బౌన్స్ అయితే ఈ ఆఫీసు నుంచి నోటీసు వెళ్లింది. మొదటి పేరాలో చెక్కు మొత్తం సరిగ్గానే ఉంది. చివరన "ఈ నోటీసు అందిన 15 రోజులలోగా చెల్లించవలసినది" అన్న వాక్యంలో మాత్రం ₹2,40,000 అనీ, పక్కన అక్షరాలలో రెండు లక్షల నలభై వేలనీ ఉంది. టెంప్లేటుకు ఆధారంగా తీసుకున్న పాత నోటీసులోని మొత్తమది. సీనియర్ గారు చూడకుండానే సంతకం చేశారు. చెక్కు తిరిగి వచ్చిందని తెలిపే బ్యాంకు మెమో వచ్చి, ఉత్తరం రాసేనాటికి పద్దెనిమిది రోజులైంది. ఈ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఊరు వెళ్లినప్పుడు అవసరం పడుతుందని సీనియర్ గారు సంతకం చేసి ఉంచిన లెటర్‌హెడ్లు ఆమె బీరువాలోనే ఉన్నాయి. చెప్పాలా, చెప్పకుండా సరైన నోటీసు ఇంకొకటి పంపేయాలా, లేక గుమాస్తా గారు అన్నట్టు సాఫ్ట్‌వేర్ మానేసి పాత పద్ధతికే వెళ్లిపోవాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

జవాబు

అమ్మా, గడువు నడుస్తున్న విషయం కనుక, మీ ఉత్తరం అందిన సాయంత్రమే "రేపు ఉదయం ముందు మీ సీనియర్ గారికి చెప్పండి, మిగతావన్నీ తర్వాత" అని మీకు విడిగా రాశాను. అదే మాటను ఇక్కడ కారణాలతో సహా మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే ఇదే ఇరకాటంలో ఉన్నవారు ఇంకొందరు ఉండి ఉంటారు.

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం, చెక్కు చెల్లకుండా తిరిగి వచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజులలోగా, ఆ మొత్తాన్ని చెల్లించమని రాతపూర్వకంగా అడగాలి. "ఆ మొత్తం" అంటే చెక్కు మీద రాసి ఉన్న మొత్తం. 2025 సెప్టెంబరులో కావేరి ప్లాస్టిక్స్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇదే ప్రశ్న వచ్చింది. చెక్కు కోటి రూపాయలకు ఉంటే నోటీసులో రెండు కోట్లు అడిగారు. టైపులో దొర్లిన పొరపాటు అని చెప్పుకున్నా కోర్టు అంగీకరించలేదు, నోటీసు చెల్లదని తేల్చింది. మీ నోటీసులో మొదటి పేరా సరిగ్గా ఉంది కనుక రెండూ కలిపి చదవాలని మీ సీనియర్ గారు వాదించవచ్చు. కానీ చేతిలో పన్నెండు రోజులు ఉండగా ఆ వాదన మీదే కేసును నిలబెట్టాలా అన్నది ఆయన తేల్చుకోవలసిన విషయం. ఆయనకు తెలియకపోతే తేల్చుకునే అవకాశమే ఉండదు.

ఆయన ముందు ఏ దారులు ఉంటాయో మీకు తెలిస్తే చెప్పడానికి భయం కొంత తగ్గుతుందని రాస్తున్నాను. మిగిలిన రోజుల్లో, ముందు నోటీసులోని అంకె పొరపాటని స్పష్టంగా రాసి, దాన్ని ఉపసంహరించుకుంటూ సరైన మొత్తంతో తాజా నోటీసు ఇవ్వడం మొదటిది. దీనికయ్యేది పోస్టు ఖర్చు, కొంచెం ఇబ్బందికరమైన ఒక వాక్యం, అంతే. ఆ గడువు జారిపోతే, చెక్కు తేదీ నుంచి మూడు నెలలు దాటకపోయి ఉంటే దాన్ని మళ్లీ బ్యాంకులో వేయవచ్చు. మళ్లీ తిరిగి వస్తే కొత్త మెమో, కొత్త 30 రోజులు మొదలవుతాయి. అలా రెండోసారి వేసి ఫిర్యాదు చేయవచ్చని ఎం.ఎస్.ఆర్. లెదర్స్ కేసులో 2012లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే దీనికి మరికొన్ని వారాలు పడతాయి, కక్షిదారుకు కారణం చెప్పుకోవాలి. చెక్కు గడువు కూడా దాటితే మిగిలేది సివిల్ దావా. మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది, కానీ కోర్టు ఫీజు కట్టాలి, తీర్పు కోసం ఏళ్లు ఎదురుచూడాలి. మీరు మౌనంగా ఉన్న ఒక్కొక్క రోజూ ఆ కక్షిదారును మొదటి దారి నుంచి మూడో దారి వైపు నెడుతుంది. ఆయన డబ్బు అది.

చెప్పకుండా సరైన నోటీసు పంపడం గురించి అడిగారు. బీరువాలో సంతకం ఉన్న లెటర్‌హెడ్లు ఉన్నాయి కనుక అది తేలికగా జరిగిపోయే పని, అందుకే గట్టిగా చెబుతున్నాను. సంతకం ఆయనది, నోటీసులోని ప్రతి మాటకూ రేపు కోర్టులో బాధ్యుడు ఆయన. రెండు వేర్వేరు మొత్తాలతో, ఒకదాని గురించి మరొకటి మాట్లాడని రెండు నోటీసులు ఎదుటి పక్షం చేతికి వెళితే, క్రాస్ ఎగ్జామినేషన్లో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి అడుగుతారు. ఆ క్షణాన మీ సీనియర్ గారు రెండో నోటీసును మొదటిసారి చూస్తారు. టెంప్లేటులో ఒక అంకె మిగిలిపోవడం పొరపాటు. తెలియకుండా ఆయన సంతకాన్ని వాడటం పొరపాటు కాదు, దాన్ని ఎవరూ పొరపాటుగా చూడరు. ఆ లెటర్‌హెడ్లు కూడా ఆయనకు తిరిగి ఇచ్చేయమని నా సలహా. అవి మీ దగ్గర ఉండటం మీకే మంచిది కాదు.

చెప్పేటప్పుడు క్షమాపణతో మొదలుపెట్టకండి, కాగితాలతో మొదలుపెట్టండి. చెక్కు కాపీ, బ్యాంకు మెమో, వెళ్లిన నోటీసు ఒకచోట పెట్టి, రెండు అంకెల కిందా పెన్సిలుతో గీత గీసి, మెమో అందిన తేదీ నుంచి 30 రోజులు ఏ తారీఖుకు పూర్తవుతాయో పైన రాసి, కక్షిదారులు రాకముందే ఆయన బల్ల మీద పెట్టండి. "సార్, చివరి పేరాలో మొత్తం తప్పు పడింది, టెంప్లేటులో పాత అంకె ఉండిపోయింది, ఫలానా తారీఖు వరకు టైముంది" అంటే చాలు. ఆయన కోప్పడవచ్చు. ఉద్యోగం ఏమవుతుందో నేను హామీ ఇవ్వలేను. కానీ గడువు లోపల తప్పు పట్టుకుని తెచ్చిన మనిషికీ, గడువు దాటాక ఎదుటి వకీలు నోట తప్పు బయటపడిన మనిషికీ మధ్య ఉన్న తేడా ఏ న్యాయవాదికైనా తెలుసు.

ఇక టెంప్లేట్ల సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపిన విషయం ఒకటుంది. నలభై మూడో నెల గురించి మీరు పేజీన్నర రాశారు, పాత అంకె గురించి పది వరుసలే రాశారు. అందరూ నవ్వారు కనుక మొదటిది ఎక్కువ బాధించింది, అది సహజం. కానీ ఆ తప్పు ఎవరికీ హాని చేయదు. దాన్ని చూసిన ఎవరైనా కాగితాన్ని పక్కన పడేస్తారు, పోస్టు దాకా వెళ్లదు. ఫీల్డు పేరే అచ్చయినదీ అంతే. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే తప్పు తనను తానే పట్టిస్తుంది. నిజంలా కనిపించే తప్పే ప్రమాదకరమైనది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు. అందుకే మీ ఇబ్బందులను కనిపించేవి, కనిపించనివి అని విడదీసి చూడండి.

కనిపించేవి త్వరగా ముగిద్దాం. వర్డ్‌లో ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే ఫీల్డుల లోపలి రాత బయటపడుతుంది. అక్కడ తేదీ ఏ రూపంలో రావాలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంటుంది. పెద్ద అక్షరాల ఎమ్‌లు ఉంటే నెల, చిన్న అక్షరాల ఎమ్‌లు ఉంటే నిమిషాలు. మీరు చిన్న ఎమ్‌లు పెట్టి ఉంటారు, ఆ నోటీసు ఏదో ఒక గంట నలభై మూడు నిమిషాలకు తయారై ఉంటుంది. అదే కారణమైతే, గడియారం లేని చెక్కు తేదీ దగ్గర నెల స్థానంలో 00 పడుతుంది, చూసుకోండి. బ్రాకెట్లతో ఫీల్డు పేరు అచ్చవడానికి సాధారణంగా రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, పేరులో ఒక అక్షరమో అండర్‌స్కోరో తేడా. రెండోది పైకి కనిపించదు. ఫీల్డు పేరును మధ్యలో దిద్దినా, సగానికి బోల్డ్ పెట్టినా వర్డ్ లోపల దాన్ని రెండు మూడు ముక్కలుగా దాచుకుంటుంది. మీకు ఒకే మాటగా కనిపించేది సాఫ్ట్‌వేర్‌కు ముక్కలుగా కనిపించి, అది గుర్తుపట్టదు. బ్రాకెట్లతో సహా మొత్తం చెరిపి, ఆగకుండా ఒక్కసారిగా మళ్లీ టైపు చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

బ్యాంకు పేరు చెడిపోవడానికి కారణం అను ఫాంట్ అనుకుంటున్నాను. ఆ పద్ధతి ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటులో ఉన్న ఫీల్డులోకి ఇంగ్లీషు పేరు వస్తే, ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరానికీ ఒక తెలుగు ముక్క పడుతుంది. ఆ ఒక్క ఫీల్డుకు వేరే ఫాంటు పెడితే ఈ రోజుకు పని జరుగుతుంది. తెలుగు టెంప్లేట్లను యూనికోడ్‌లో (తెలుగు అక్షరాలకు సొంత స్థానాలు ఉండే పద్ధతిలో) తిరిగి టైపు చేస్తే శాశ్వతంగా తీరుతుంది. మార్చి ఇచ్చే ఉపకరణాలు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు చేస్తాయి, కాబట్టి అక్షరమక్షరం చదివి తీరాలి. నాలుగైదు తెలుగు నోటీసులే అయితే తిరిగి టైపు చేయడమే తక్కువ శ్రమ.

తెరిచినప్పుడల్లా తేదీ మారడం గురించి మీరు తేలికగా రాశారు, నాకు అది తేలిక విషయంగా కనిపించలేదు. వర్డ్‌లో తేదీ ఫీల్డు "ఈ రోజు" అన్న అర్థంలో పనిచేస్తుంది, రేపు తెరిస్తే రేపటి తేదీ వేస్తుంది. మీ కంప్యూటర్లోని ఆఫీసు కాపీల మీద, నోటీసు వెళ్లిన తేదీ లేదన్నమాట. ఆరు నెలల తర్వాత అదే ఫైలు తెరిచి ప్రింటు తీసి ఫిర్యాదుకు జత చేస్తే, పోస్టు రసీదు ఒక తేదీ చెబుతుంది, నోటీసు మరో తేదీ చెబుతుంది. నేను విజయనగరంలో జూనియర్‌గా ఉన్నప్పుడు టైపు మిషన్లో మూడు కాగితాల మధ్య కార్బన్ పెట్టి కొట్టేవాళ్లం. అడుగు కాపీ మసకగా ఉండేది, కానీ పైకాగితం మీద ఏ తేదీ ఉందో దాని మీదా అదే ఉండేది. ఆ గుణం మీ ఆఫీసు కాపీకి తిరిగి రావాలి. నోటీసు తేదీ కేసు రికార్డులో ఒక గడిగా ఉండి, అక్కడి నుంచే రావాలి. తయారైన నోటీసులో అంతా ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 నొక్కితే ఫీల్డులన్నీ మామూలు అక్షరాలైపోతాయి. అన్నిటికంటే భద్రమైనది, సంతకమైన కాగితాన్ని స్కాన్ చేసి పోస్టు రసీదుతో కలిపి ఆ కేసులో దాచడం. ఇప్పటికే ఉన్న పాత ఫైళ్లను ముట్టుకోకుండా, కాగితం కాపీలు ఎక్కడున్నాయో ముందు వెతకండి.

అసలు విషయానికి వస్తే, పాత అంకె ఎందుకు మిగిలింది? మీరు పాత కక్షిదారు ఉత్తరాన్ని టెంప్లేటుగా మార్చారు. అందులో మీ కంటపడినవి ఫీల్డులయ్యాయి, కంటపడనివి అలాగే ఉండిపోయాయి. మిగిలిపోయేది మొత్తం ఒక్కటే కాదు. ఆ పాత ఉత్తరాలు ఏ సంవత్సరానివో నాకు తెలియదు, కానీ చిరునామాల చివర "శ్రీకాకుళం జిల్లా" అని చేత్తో టైపు చేసి ఉన్నవి ఉంటే చూడండి. 2022 ఏప్రిల్ 4 నుంచి రాజాం విజయనగరం జిల్లాలోనూ, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోనూ ఉన్నాయి. సరైన చిరునామాకు పంపిన నోటీసు అందినట్టే భావించవచ్చన్న వెసులుబాటు, చిరునామా సరిగ్గా రాసినవారికే ఉంటుంది. ఎదుటివారికి వాదించడానికి మనమే ఒక మాట ఎందుకు అందించాలి? అలాగే "ఐపీసీ 420 సెక్షన్ కింద కూడా చర్య తీసుకోబడును" అన్న వాక్యం ఎక్కడైనా ఉందేమో వెతకండి. 2024 జులై 1 తర్వాత జరిగిన మోసానికి, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ రాయాలి. ఆ వాక్యం ఉండాలా వద్దా అన్నది కూడా సీనియర్ గారినే అడగండి. పైగా పాత కక్షిదారు బాకీ ఎంతో కొత్త కక్షిదారు కాగితం మీద కనబడటమంటే ఒకరి గుట్టు ఇంకొకరికి చేరడమే. తమ వివరాలు బయటకు పోవని నమ్మే కక్షిదారులు మన ఆఫీసుకు వస్తారు కదా.

వీటన్నిటినీ పట్టుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను, ఇది ఒక్కటి చేసినా మీకు చాలా భారం దిగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక ఉత్తుత్తి కేసు తెరవండి. కక్షిదారు పేరు "పరీక్ష కక్షిదారు", ఎదుటి పక్షం "పరీక్ష ప్రతివాది ఒకటి", "పరీక్ష ప్రతివాది రెండు", చెక్కు మొత్తం ₹1,11,111, చెక్కు నంబరు 222222, ఊరి పేరు "పరీక్షపురం". ఇలా ప్రతి గడిలోనూ ఎక్కడా లేని విలువ పెట్టి, పద్దెనిమిది టెంప్లేట్లనూ ఆ కేసుకు ఒకసారి నడిపి ప్రింటు తీయండి. ఇప్పుడు ఎర్ర పెన్ను పట్టుకుని చదువుతూ, ఆ కాగితం మీద పరీక్ష కేసుది కాని ప్రతి పేరు, ప్రతి అంకె, ప్రతి ఊరు, ప్రతి తేదీ చుట్టూ సున్నా చుట్టండి. సున్నా పడినదల్లా ఎవరో పాత కక్షిదారుది. రెండో ప్రతివాది పేరు రాకపోతే మీ టెంప్లేటు మొదటి వ్యక్తినే తీసుకుంటోందన్నమాట. నోటీసు మన కక్షిదారు చిరునామాకే వెళ్లేలా తయారైతే వాది, ప్రతివాది పాత్రలు తారుమారయ్యాయన్నమాట. ఆ తర్వాత రెండు మూడు గడులు ఖాళీగా వదిలి మళ్లీ నడపండి. వివరం లేనిచోట తెల్లగా ఖాళీ వస్తే అది ఎవరి కంటా పడదు. వీలుంటే "ఇక్కడ మొత్తం లేదు" అని పెద్ద అక్షరాలతో పడేలా పెట్టండి.

అక్షరాలలో రాసే మొత్తం గురించి ఒక మాట. సాఫ్ట్‌వేర్ లక్షల్లో తెలుగు మాటలుగా మార్చి ఇవ్వకపోతే, దాన్ని వేరే గడిలో మీరే టైపు చేయవలసి వస్తుంది, అంటే తప్పు దొర్లడానికి ఇంకో చోటు పెరుగుతుంది. అది తప్పదు కాబట్టి, అంకెలనూ అక్షరాలనూ చెక్కుతో పోల్చి చూసే పని ఎవరో ఒకరికి పేరు పెట్టి అప్పగించాలి.

ఆ ఒకరు గుమాస్తా గారైతే బాగుంటుందని నా ఉద్దేశం. మీకు ఆయన మీద కోపం ఉందని తెలుసు, అందరి ముందూ నవ్వడం బాగాలేదు. కానీ ముప్పై ఏళ్లు చెక్కులూ మెమోలూ చూసిన కళ్లవి. "గుమాస్తా గారూ, సంతకానికి వెళ్లేముందు చెక్కు మీరు పట్టుకోండి, నోటీసు నేను పైకి చదువుతాను" అని అడిగితే ఆయన ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకుంటే నాలుగు నిమిషాల్లో అయ్యే పని, ఆయన అనుభవానికీ చోటు దొరుకుతుంది. ఒప్పుకోకపోతే ఇంకొక జూనియర్‌ను అడగండి. తయారు చేసిన మనిషే సరిచూస్తే మాత్రం లాభం లేదు, మీరు ఏం రాయాలనుకున్నారో అదే మీకు కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ మానేయడం కూడా ఒక దారే, కాదనను. పేర్లు చెడిపోవడం, నలభై మూడో నెల అన్నీ రేపటి నుంచే ఆగిపోతాయి. కానీ పాత పద్ధతి అంటే ఏమిటి? పాత నోటీసు తెరిచి, పేరూ అంకే మార్చి, వేరే పేరుతో సేవ్ చేయడమే కదా. ₹2,40,000 మిగిలిపోయింది సరిగ్గా అలాంటి పనిలోనే. మీరు అదే పని ఒకసారి చేసి టెంప్లేటు అన్నారు, అక్కడ ప్రతి నోటీసుకూ చేస్తారు. అమ్మిన కంపెనీకి ఫోన్ చేయడం మరో దారి. ఫీల్డులు రాకపోవడం, పాత్రలు తారుమారవడం వాళ్లు చూడగలరు, వాక్యాల్లో మిగిలిన పాత మాటలు వాళ్లకు తెలియవు. వాళ్లకు పంపేటప్పుడు నిజమైన నోటీసు పంపకండి, పరీక్ష కేసు ప్రింటే పంపండి.

పద్దెనిమిదీ ఒక్కసారి మీద వేసుకోకండి. సీనియర్ గారితో మాట్లాడి, సరిచూసే వరకు మిగతావి వాడకుండా పక్కన పెట్టించండి. గడువున్నవి ముందు: 138 నోటీసు మొదటిది, ప్రభుత్వం మీద దావా వేసేముందు రెండు నెలల వ్యవధితో ఇచ్చే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు దాని తర్వాత. ఒక్కొక్కదాన్నీ ఖాళీ కాగితం మీద కొత్తగా రాయించుకోండి, వాక్యాలు ఆయన చెబుతారు, ఫీల్డులు మీరు పెడతారు. బ్యాంకులకు రాసేవి ఆ తర్వాత చూడవచ్చు. కక్షిదారులకు వాయిదా తెలిపే ఉత్తరాలు చివరికి ఉంచండి, అంతవరకు వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.